రెండు వేళ్ళ సందు

…అయినా ఆ సందు ఊరికే ఉందని అతనికి ఎవరు చెప్పారు, ఊరికే ఉండేదాన్ని కొలత పెట్టి మరీ ఎవరైనా ఎందుకు వదులుతారు, ఈ మాట అడగాల్సింది ఇప్పుడు కాదు, టైర్ల షాపులో పాత చక్రాలు ఒక్కొక్కటే ఊడదీసి గోడకి ఆనించిన రోజునే అడగాలి, అడిగింది కూడా, అడిగినట్టు ఎవరికీ వినపడకపోతే అది అడిగినట్టా, అడగనట్టా. సౌభాగ్య తడి దుప్పటిని రెండు చేతులా విదిలించి మేడ మీది తీగ మీద వేసింది. నీళ్ళు మోచేతుల దాకా కారాయి. ఆదివారం పొద్దున్న ఏడు కావస్తోంది. కింద రేకుల నీడలోంచి ఎర్రకారు ముందుభాగం బయటికి వచ్చి ఉంది. కొత్త చక్రాలు ఒంట్లోంచి కాస్త పొడుచుకొచ్చి, ఇరుకు చెప్పుల్లో పట్టని పాదాల్లా ఉన్నాయి.

రెండేళ్ళ కిందటి దాకా కారున్న చోట బట్టలుతికే బండ ఉండేది. దాని పక్కనే రెండు గుంజల మధ్య తీగ. కారు రాగానే బండని పెకలించి గోడవతల పడేశారు, తీగ మేడ ఎక్కింది. తీగతో పాటు ఆమె కూడా ఎక్కాల్సి వచ్చింది. దుప్పట్లు మెషీన్లో పట్టవు. చేత్తో ఉతికి, బకెట్టు మోసుకుంటూ ఇరవై రెండు మెట్లు. వారమంతా రైల్వే గూడ్సు యార్డులో పట్టాల పక్కన గొంతుక్కూర్చుని లేచే మోకాళ్ళు ఆదివారం ఈ మెట్ల దగ్గర మాట్లాడతాయి. ఆ మాట ఆమె ఒక్కతికే వినిపిస్తుంది. ఆమెకి చిన్నప్పటినుంచీ వినడం అలవాటు.

కారు ఆమె భర్త శివాజీది. అతను రైళ్ళలో టికెట్లు చూసే టీటీఈ. నల్లకోటు వేసుకుని పెట్టెలోకి అడుగుపెడితే జనం లేచి కూచుంటారు, ఇల్లు కూడా ఒక పెట్టెలాంటిదే అనుకుంటాడేమో. బొగ్గు కంపెనీలో రిటైరైన రామమోహన్ గారు బిలాస్‌పూర్ నెహ్రూ నగర్‌లో ఇల్లు అమ్మేసి వెళ్ళిపోతూ ఈ రెండు సీట్ల బండిని అతనికి చవగ్గా ఇచ్చి పోయారు. ఇరవై రెండేళ్ళ వయసు దానికి. నేలకి ఆనుకున్నట్టు ఉంటుంది, గట్టిగా అరుస్తుంది. అది వచ్చిన రోజు లింగియాడీహ్ వీధి పిల్లలంతా గేటు దగ్గర గుమిగూడారు. రెండే సీట్లు. ఒకటి శివాజీది. రెండోదాంట్లో కూతురు స్వాతి ఎక్కింది, అతని స్నేహితుడు గిరిబాబు ఎక్కాడు, అత్తగారు అప్పయమ్మ కూడా ఒకసారి ఎక్కి రతన్‌పూర్ గుడికి వెళ్ళొచ్చింది. సౌభాగ్య ఎక్కలేదు. ఎక్కొద్దని ఎవరూ అనలేదు. బండి బయటికి వెళ్ళేముందు గేటు తీయడానికి, వెళ్ళాక వేయడానికి ఒకరు కావాలి కదా. ఆ ఒకరు ఎవరో ఎప్పుడూ ఎవరూ అనుకోనక్కర్లేకపోయింది.

ఈరోజు ఎనిమిదింటికి రతన్‌పూర్ రోడ్డు మీద ఒక ధాబా దగ్గర పాతకార్ల వాళ్ళంతా కలుస్తున్నారు. శివాజీ స్వాతిని తీసుకెళ్తున్నాడు. ఆ రోడ్డు మీద బొగ్గు లారీలు తిరుగుతాయి. దుప్పటి అంచులు సాగదీస్తున్న సౌభాగ్య చెవిలో ఇంకా నిన్న సాయంత్రం విన్న చప్పుడే ఉంది.

నిన్న అతను గిరిబాబుని ఎక్కించుకుని వచ్చాడు. ఆమె గేటు తీసి పట్టుకుని నిలబడింది. వీధిలోంచి ఇంట్లోకి బండి మలుపు తిరుగుతున్నప్పుడు ఎడమవైపు ముందు చక్రం దగ్గర ఒక్క క్షణం, తడిగుడ్డని గరుకు గోడకి రాసినట్టు, ఒక సర్రుమన్న చప్పుడు. గిరిబాబు గేటు దగ్గరే దిగిపోయాడు. శివాజీ ఒక్కడూ వెనక్కీ ముందుకీ తిప్పి రేకుల కింద పెట్టినప్పుడు ఆ చప్పుడు లేదు. ఆమెకి అర్థమైంది. ఇద్దరు కూచుంటే ఉంది, ఒక్కడే ఉంటే లేదు. కొత్త టైరు ఎక్కడో రాసుకుంటోంది. తిప్పినప్పుడు, బరువున్నప్పుడు. రేపు బరువు ఉంటుంది. రేపటి బరువు స్వాతి.

చెప్పింది. గిరిబాబు ఎదుట చెప్పడం తప్పయిందేమో. శివాజీ నవ్వాడు. అతని నవ్వు ఎప్పుడూ ఆమెను దాటి మూడోమనిషి వైపు వెళ్తుంది.

"ఇన్నావేటి గిరీ? మా ఇంట్లో మాల్‌గాడీ డాక్టరమ్మ ఉంది. బండికి జెరమొచ్చిందంతాది."

"అచ్ఛా, అలాగైతే ఫీజు కట్టాల వదినా," అన్నాడు గిరిబాబు.

ఆమె కూడా కొంచెం నవ్వింది. అదే ఆమెను రాత్రంతా కుట్టింది. అతని మాట కాదు, తన నవ్వు. ముఖం తన అనుమతి అడక్కుండా నవ్వేస్తుంది. ఇరవై ఏళ్ళుగా దానికి అదే పని. లోపల ఒకతి, చప్పుడు ఎక్కడినుంచి వచ్చిందో ఖచ్చితంగా చెప్పగలిగినది, నోరు తెరిచేలోగా బయట ఇంకొకతి నవ్వేసి టీ పెట్టడానికి లోపలికి వెళ్ళిపోతుంది.

చెవి ఆమెకి తండ్రి ఇచ్చింది. సన్యాసిరావు విజయనగరం వైపు నుంచి వచ్చి బిలాస్‌పూర్ యార్డులో కలాసీగా చేరినవాడు. పొడుగు కామ ఉన్న సుత్తితో చక్రాలని కొట్టి మోత వినేవాడు. మంచి చక్రం గంటలా మోగుతుంది, పగులున్నది పాత కుండలా పలుకుతుంది. క్వార్టర్‌లో కూతుర్ని కళ్ళు మూసుకోమని ఇత్తడి గిన్నెలు కొట్టి, ఏది సొట్టపోయిందో చెప్పమనేవాడు. డ్యూటీలో ఉండగానే గుండె ఆగి పోయాడు. ఒక్కతే కూతురు, ఆ ఉద్యోగం ఆమెకి వచ్చింది. ఇరవై రెండేళ్ళ వయసులో, యార్డులో మొదటి ఆడమనిషిగా చేరింది. ఆ ఉద్యోగం చూసే ఏడాది తిరక్కుండా ఈ సంబంధం వచ్చింది. అప్పయమ్మ మాత్రం కోడలి జీతం చేతిలో పడ్డ ప్రతిసారీ కాకపోయినా, కోడలు ఏ విషయంలోనైనా కాస్త తల ఎత్తిన ప్రతిసారీ ఒక మాట తీసి ముందు పెట్టేది: "ఏటంత నీల్గుడు? బాబు సస్తే ఒచ్చిన నౌకరీ గదా."

బాబు చస్తే వచ్చిన నౌకరీలో ఆమె ఇరవై రెండేళ్ళు గడిపింది. బొగ్గు రైలు యార్డులోకి మెల్లగా వస్తుంటే పట్టాల పక్కన గొంతుక్కూర్చుని, దగ్గరదగ్గర అరవై వాగన్లు కళ్ళ ముందునుంచి పోతుంటే వింటుంది. ఒక చక్రం అరిగి ఒకచోట చదునైతే టక్ టక్‌మంటుంది. బేరింగు వేడెక్కితే ఒక వాసన. ఏదో వేలాడుతుంటే గీసుకునే శబ్దం. పనికిరాని వాగన్ దొరికితే దాని మీద సుద్దతో 'సిక్' అని రాసి, తేదీ, సమయం వేసి, కింద రాసినవాళ్ళ పొడి అక్షరాలు పెట్టాలి. ఆ గుర్తు పడ్డాక ఎంత పెద్దవాడు వచ్చి అడిగినా ఆ వాగన్ రైలుతో కదలకూడదు. విడదీసి పక్క లైనులోకి తోయాలి. బాగుచేసి, కొలిచి, కాగితం రాసిన తరువాతే ఆ సుద్ద చెరపాలి. రెండు రూపాయలు చెయ్యని సుద్దముక్క అంత పెద్ద రైలుని ఆపుతుంది. కొత్తలో ఆమెకి అది నమ్మబుద్ధి కాలేదు. ఇంట్లో ఆమె మాట మీద కూరలో ఉప్పు కూడా ఆగదు.

ఆ యార్డులోనే ఆమె మొదట నేర్చుకున్న సంగతి: ఖాళీ వాగన్ ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. స్ప్రింగులు లేచి ఉంటాయి, ఎక్కడికక్కడ సందులు సరిగ్గా ఉంటాయి. బొగ్గు నింపాక చూడాలి. అప్పుడు తెలుస్తుంది ఏది దేన్ని తాకుతోందో. చక్రానికీ పైనున్న ఇనుముకీ మధ్య వదిలిన ఆ కాస్త చోటు చక్రం పైకి లేచి దిగడానికి. దెబ్బ తగిలినప్పుడు ఒళ్ళు జరగడానికి. అది లేకపోతే దెబ్బంతా ఇనుము మీదే.

శివాజీకి సరిగ్గా ఆ చోటే నచ్చలేదు. "సూడు, ఎలగున్నాదో. ముసలోడి దవడలాగ," అనేవాడు, టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య అరచెయ్యి పెట్టి చూపిస్తూ. గిరిబాబు బండికి అలా లేదు, ఫోనులో చూసే ఏ బండికీ అలా లేదు. పదమూడంగుళాల రిమ్ములు తీసేసి పదిహేడంగుళాలవి, వాటికి తగ్గ వెడల్పాటి టైర్లు తెప్పించాడు. గురువారం దయాల్‌బంద్ షాపులో బిగింపు. ఆరోజు అతనికి రాయ్‌గఢ్ వైపు డ్యూటీ పడింది. "నువ్వు రెండింటికి దిగిపోతావు గదా. ఎల్లి నిలబడు. నిలబడితే సాలు, నువ్వేటీ సెప్పక్కర్లేదు," అన్నాడు.

నిలబడింది. స్టూలు వేస్తారేమో అని కాసేపు చూసి, వేయరని తెలిశాక, పాత టైర్ల దొంతర మీద కూచుంది. ఆ షాపు మేస్త్రీ ప్రతిదానికీ రైల్లో ఉన్న శివాజీకి ఫోను చేశాడు. నట్లు ఏవి పెట్టాలో, చక్రం ఇంకాస్త బయటికి రావాలంటే మధ్యలో బిళ్ళలు వేయాలో వద్దో. ఎదురుగా కూచున్న మనిషిని ఒక్కటీ అడగలేదు. జాకీ దించాక టైరు మీద రెండు వేళ్ళ సందే మిగిలింది, అతను బండి చుట్టూ తిరిగి చూసి సరిపోయింది అన్నాడు. అప్పుడు ఆమె లేచి వెళ్ళింది. ఖాళీ బండిని, చక్రం నిటారుగా ఉండగా చూస్తే చాలదు, ఇద్దరిని కూచోబెట్టి, స్టీరింగు పూర్తిగా తిప్పి అప్పుడు లోపల చూడమని చెప్పింది. తను చెప్పినది హిందీలోనే. అయినా అతను ఆమెను ఇంకేదో భాష మాట్లాడినట్టు చూశాడు. నవ్వి, "మేడమ్, యే మాల్‌గాడీ నహీ హై," అన్నాడు, ఇదేం గూడ్సు బండి కాదని. ఆ మాటని ఆ సాయంత్రమే ఫోనులో శివాజీకి చెప్పి ఉంటాడు. మాల్‌గాడీ డాక్టరమ్మ అక్కడ పుట్టింది.

ఆమె తడి చున్నీని తీగ మీద వేసి, క్లిప్పు పెట్టి, ఆగింది. చప్పుడు గురించి ఈరోజు మళ్ళీ చెప్తే ఏమవుతుందో ఆమెకి తెలుసు. ఇలాంటిది ఒకసారి జరిగింది. స్వాతికి మూడేళ్ళప్పుడు, అతని స్కూటర్ వెనక బ్రేకు పట్టు వదిలి పలుకుతోందని రెండు రోజులు చెప్పింది. మూడోరోజు అతను వాన నీళ్ళలో జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రి వరండాలో అప్పయమ్మ అందరి ముందూ అంది: "దీని నోట్లోంచి ఒచ్చిందే, అయిపోనాది. రెండ్రోజులు అదే పాట. ఆ నోరలాంటిది మరి." వినబడిన దోషానికి చెప్పినమనిషే కారణమయిపోయింది. అప్పటినుంచి ఆమె ఒక లెక్క నేర్చుకుంది: జరక్కపోతే పిచ్చిది, జరిగితే శకునప్పక్షి. రెంటికీ మధ్య నోరు మూసుకోవడం ఒక్కటే ఖాళీగా ఉంది, ఆమె దాంట్లో కాపురం పెట్టింది.

నిజానికి అది కాదు ఆమెను ఎక్కువ కుట్టేది. ఇల్లు ఇలాంటిదే అని ఒక రకంగా ఒప్పుకోవచ్చు. యార్డులో మూడేళ్ళ కిందట జరిగింది మాత్రం ఒప్పుకోలేకపోయింది. ఒక రాత్రి డ్యూటీ దిగేముందు ఆమె ఒక వాగన్‌కి సిక్ రాసింది. చక్రం మోత తేడాగా వినిపించింది, ఇరుసు దగ్గర ఒక సన్నటి గీత, పగులో గీతో తెలియనిది. సూపర్‌వైజర్ తిరుమలరావు గారు వచ్చారు. మంచివాడే, కోప్పడలేదు. పైనుంచి ఫోన్లు వస్తున్నాయని, ఆ రైలు అప్పటికే ఆలస్యమని, అది పగులు కాదు గీతేనని, "ఏటమ్మా సౌభాగ్యా, నీకు ఆడమనిషి భయం ఒకటి ఉంటాది, సహజమే. సెరిపీ," అన్నారు. చెరిపింది. తన చున్నీ కొంగుతో, తన చేత్తో. ఆ వాగన్ ఎక్కడికో వెళ్ళింది, ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడం ఆమెను నిద్రపోనివ్వలేదు. ఏదైనా అయ్యుంటే తను సరిగ్గా విన్నానని తెలిసేది. ఏమీ కాలేదు కాబట్టి, తను విన్నది తప్పో, లేక అదృష్టం ఒకసారి అటు నడిచిందో, ఎప్పటికీ తెలియదు. ఆ తరువాత కొన్నాళ్ళు ప్రతి రాతకీ ముందు సుద్దముక్క తీసి, మళ్ళీ జేబులో పెట్టేది. తన చెవిని తనే రెండోసారి అడగడం మొదలుపెట్టింది. మనిషిని లొంగదీయడం అంటే ఇదేనేమో అనుకుంది ఒకసారి. కొట్టనక్కర్లేదు. ఆమె విన్నదాన్ని ఆమే చెరిపేటట్టు చేస్తే చాలు.

వెయిటింగ్ రూము సంగతి కూడా అలాంటిదే. యార్డులో ఆడవాళ్ళకి మరుగు లేదు. అందుకని డ్యూటీ గంటలన్నీ ఆమె నీళ్ళు తాగదు. రెండింటికి దిగాక స్టేషన్‌కి నడిచి వెళ్ళి, ఆడవాళ్ళ వెయిటింగ్ రూములో ముఖం కడుక్కుని, సీసా నిండా నీళ్ళు తాగి, ఒక అరగంట బెంచీ మీద కూచునేది. ఏమీ చేసేది కాదు. సంచుల మీద తల పెట్టి నిద్రపోయే ఎవరెవరో ఆడవాళ్ళని చూసేది. ఏదో ఊరి బండి కోసం ఎదురుచూస్తున్నవాళ్ళలో తను ఒక్కతే ఏ బండికోసమూ చూడని మనిషి. ఆ అరగంట ఏ పనికీ చెందదు కాబట్టి అది తనది. ఎవరో శివాజీకి చెప్పారు. "రోజూ వెయిటింగ్ రూములో కూకుంతన్నావట. ఎవుల కోసం?" అన్నాడు. ఎవరి కోసమూ కాదంది. అతను నమ్మకపోలేదు. నమ్మాడు, అందుకే ఆశ్చర్యపోయాడు. ఎవరి కోసమూ కానిది అతనికి వృథాగా కనిపించింది. మర్నాటినుంచి ఆ అరగంటలోకి అత్తగారి మందులు వచ్చాయి, కరెంటు బిల్లు వచ్చింది, డ్రైక్లీనింగ్‌కి ఇచ్చిన నల్లకోటు వచ్చింది, చివరికి టైర్ల షాపు కూడా వచ్చి కూచుంది. అతనికి ఖాళీ అంటే పడదు. దాన్ని చూస్తే పూడ్చాలనిపిస్తుంది. చక్రం మీది ఆ అరచెయ్యి సందునైనా, ఆమె మీది ఆ అరగంటనైనా.

"మమ్మీ," కిందనుంచి స్వాతి పిలిచింది. "మేరా వైట్ వాలా టాప్ ఎక్కడుంది?"

ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టానని చెప్పి, ఖాళీ బకెట్టు తీసుకుని సౌభాగ్య మెట్లు దిగింది. ఏడవ మెట్టు దగ్గర కుడిమోకాలు పలికింది. ఆగి, నిలబడి, ఆ పలుకు పూర్తయ్యేదాకా విన్నది. విన్నదాన్ని వినలేదని ఇంకెన్నిసార్లు అనుకోవాలి. స్నానాలగదిలో శివాజీ పాట అందుకున్నాడు. అతనికి స్నానం ఇరవై నిమిషాలు. కారు తాళంచెవి దేవుడి గది పక్క మేకుకి వేలాడుతోంది. ఆమె రోజూ దాన్ని తుడుస్తుంది, ఎప్పుడూ తీయలేదు. తీసింది. తేలిగ్గానే వచ్చింది.

స్వాతి తెల్ల టాప్ వేసుకుని, నల్లకళ్ళద్దాలు తల మీదికి ఎత్తి, అప్పటికే ఎడమసీట్లో కూచుని ఫోనులో తనని తాను చూసుకుంటోంది. పదిహేడేళ్ళ పిల్ల. సౌభాగ్య కుడివైపు తలుపు తీసి, డ్రైవర్ సీట్లో కూచుంది. అంత కిందికి ఉంటుందని ఆమె అనుకోలేదు. దాదాపు యార్డులో గొంతుక్కూర్చున్నంత కింద.

"అరే మమ్మీ! మీకు నడపడం వచ్చా?"

"రాదు. కూచో, దిగకు." తాళంచెవి తిప్పితే స్టీరింగు లాకు విడింది. ఇంజను స్టార్టు చెయ్యకుండా తిప్పబోతే స్టీరింగు రాయిలా ఉంది. రెండు చేతులతో, యార్డులో బ్రేకు చక్రం తిప్పే చేతులతో, ఆఖరిదాకా తిప్పింది. దిగింది. అప్పయమ్మ గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని టీలో రస్కు ముంచుకుంటోంది. భారీ మనిషి.

"అత్తా, ఒక్కసారి లేచి ఇందులో కూచో."

"నానా? నానేటి తోల్తానే?"

"తోలక్కర్లేదు. కూచుంటే చాలు. బరువు కావాలి."

ఇరవై ఏళ్ళలో కోడలు తనని ఒక పని చెయ్యమని చెప్పడం మొదటిసారి కావడం వల్లో, రెండో రస్కు అప్పటికే అయిపోవడం వల్లో, అప్పయమ్మ లేచింది. మనవరాలు నవ్వుతూ చెయ్యి పట్టుకుంటే, మూలుగుతూ వంగి, డ్రైవర్ సీట్లో ఒరిగి, స్టీరింగుని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. బండి కిందికి దిగింది. రెండు వేళ్ళ సందు కాస్తా మూసుకుపోయి టైరు మడ్‌గార్డు కిందికి నక్కింది.

సౌభాగ్య ఎడమ ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని ఫోను లైటు వేసింది. వెడల్పాటి టైరు లోపలి అంచు వెనక ఉన్న బ్రేకు పైపుని అదిమి పట్టి ఉంది. నల్లటి రబ్బరు పైపు. రాసుకున్న చోట నలుపు పోయి, నేతదారాలు బయటికి వచ్చాయి. వేలితో తడిమింది. దారాలు చెమ్మగా ఉన్నాయి. వేలు వాసన చూసింది. బ్రేకు ఆయిలు. మూడు రోజులకే ఇంత. రతన్‌పూర్ రోడ్డు, బొగ్గు లారీలు, పక్కన తెల్ల టాప్. మీటరు కూడా ఇప్పుడు నిజం చెప్పదు. చక్రం పెద్దదైంది కాబట్టి అరవై అని చూపించినప్పుడు బండి అరవై అయిదు దాటి పోతుంటుంది. అతను మెల్లగానే పోతున్నాననుకుంటాడు.

విచిత్రంగా ఆమెకి మొదట వచ్చింది భయం కాదు. లోపల ఎక్కడో, మూడేళ్ళుగా బిగిసిన నట్టు ఒకటి వదులైనట్టు, ఒక ఊపిరి. సరిగ్గానే విన్నాను. ఆ వెంటనే ఆ ఊపిరికి సిగ్గుపడింది, కూతురు ఆ సీట్లో కూచుని ఉండగా. ఆ సిగ్గు వెనక అప్పుడు భయం వచ్చింది, మామూలుగా, రావలసినంత.

సుద్దముక్క ఆమె యూనిఫాం జేబులోనే కాదు, ఇంట్లో వేసుకునే కుర్తా జేబులోనూ ఉంటుంది. ఎందుకో ఆమెకీ తెలియదు. నల్లటి టైరు పక్కభాగం మీద 'సిక్' అని రాసింది. తేదీ వేసింది. అలవాటుగా పొడి అక్షరాలు పెట్టబోయి, పెట్టకముందే వెనక కొబ్బరినూనె వాసన వచ్చింది.

"ఏటిది?" శివాజీ తలలో నీళ్ళు కారుతూ, మెడలో తువ్వాలుతో నిలబడ్డాడు. డ్రైవర్ సీట్లో తల్లిని చూశాడు, టైరు మీది రాతని చూశాడు. ఏది ముందు అడగాలో తెలియక రాతనే ఎంచుకున్నాడు. "నా బండి మీద ఏటి రాసినావు?"

"బ్రేకు పైపు తెగుతోంది. ఆయిలు కారుతోంది. ఒంగి చూడండి."

అతను ఒంగలేదు. స్టీరింగు ఎవరు తిప్పమన్నారని అడిగాడు. మేస్త్రీ అంతా చూశాడన్నాడు, అక్కడ అందరూ ఎదురుచూస్తుంటారన్నాడు, పొద్దున్నే బండి దగ్గర ఈ అపశకునం ఏమిటన్నాడు. ఆ ఆఖరి మాట అంటూ తల్లి వైపు చూశాడు, అది ఆమె అందుకోవలసిన మాట కాబట్టి. అప్పయమ్మ స్టీరింగు వదలలేదు. కోడలి వేలి మీది తడి మరక వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ మాట అందుకోలేదు.

"దారాలు బయటికి వచ్చాయండీ. నేను చూశాను," అంది సౌభాగ్య.

"నువ్వు సూస్తే ఏటి? నువ్వెవులు సెప్పడానికి?"

అడిగిన తీరులో వెటకారం ఉంది. అయినా ప్రశ్నలో తప్పేమీ లేదనిపించింది ఆమెకి. యార్డులో ఏ రాత కిందైనా ఉండాల్సింది అదే కదా, చెప్పింది ఎవరో. ముఖం తన అలవాటు ప్రకారం నవ్వడానికి సిద్ధపడడం ఆమెకి తెలిసింది. దాన్ని నవ్వనివ్వలేదు. అది అంత కష్టమని ఎప్పుడూ అనుకోలేదు, బుగ్గలు నొప్పి పుట్టాయి.

శివాజీ మెడలోని తడి తువ్వాలు తీసి, వంగి, టైరు మీది రాతని ఒక్క తుడుపు తుడిచాడు. అంతకుముందు ఒంగనన్న నడుము దానికి ఒంగింది. చూడడానికి మాత్రం చూడలేదు. సుద్ద తడిసి టైరు మీద బూడిద రంగు మరకగా మిగిలింది.

అందరూ ఆమె కోసమే ఆగినట్టు ఆగారు. ఆమె గేటు వైపు చూసింది. ఇప్పుడు గేటు తీయాలి. రోజూ తీసేది ఆమే.

ఎడమవైపు తలుపు తెరుచుకుంది. స్వాతి కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకుని కిందికి దిగింది. "పాపా, రహనే దో," అంది, ఇక వద్దులే అన్నట్టు, ఎవరి మొహమూ చూడకుండా. ఆ పిల్ల బరువు దిగగానే బండి ఒక వేలంత పైకి లేచింది.

సౌభాగ్య మళ్ళీ గొంతుక్కూర్చుంది. మోకాలు పలికింది. తన చున్నీ కొంగుతో టైరు మీది తడిని పూర్తిగా ఒత్తింది, తడి మీద సుద్ద పట్టదు. తరువాత ఇందాకటికన్నా పెద్ద అక్షరాలతో 'సిక్' అని రాసింది. తేదీ వేసింది. వాకిట్లోంచి కనిపించే గోడగడియారం చూసి సమయం వేసింది, ఏడూ నలభై. దాని కింద, ఇరవై రెండేళ్ళుగా పొడి అక్షరాలు పెట్టే చోట, సుద్ద విరగకుండా మెల్లగా, తన పేరు మొత్తం రాసింది.